దయ్యం పట్టిందని కబురొస్తే

రాత్రి పదకొండింటికి తలుపు కొట్టి, "అమ్మగారూ, మా కోడలికి దయ్యం పట్టింది, ఒక్కసారి రండి" అంటారు. కొత్తగా సేవకి వచ్చిన పాస్టరమ్మలు అక్కడే కంగారు పడిపోతారు. బాపట్ల పక్క పల్లెల్లో ఇరవై ఏళ్ల పైచిలుకు బైబిల్ ఉమన్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పి ప్రార్థన చేసే సేవకురాలిగా తిరిగాను. నేను ఏం చేస్తానో చెబుతాను.

ప్రార్థన నూనె సీసా సంచిలోనే ఉంచండి. ముందు గుమిగూడిన జనాన్ని బయటికి పంపండి. తల్లినో భర్తనో ఒక్కరిని ఉంచుకోండి, తలుపు మాత్రం మూయకండి.

తర్వాత, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడగండి. మార్కు సువార్త 9లో యేసు ప్రభువు దయ్యాన్ని గద్దించే ముందు, అది పట్టిన కుర్రాడి తండ్రిని అడిగింది అదే: "ఇది వీనికి సంభవించి యెంతకాలమైనది?" ఆయనే అడిగాక మనకేం నామోషీ? నిద్రపోయి ఎన్ని రాత్రులైంది, జ్వరముందా, వాడే మాత్రలు ఆపేశారా, అన్నీ అడగండి.

ఒకసారి అలా కబురొచ్చిన ఇంట్లో, కోడలిని దయ్యం చింతచెట్టు దగ్గర పట్టిందని అత్త చెప్పింది. అడిగితే తేలిందేమిటి? కాన్పై తొమ్మిదో రోజు. నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదు. ఉయ్యాల వంక చూసి "ఇది నా బిడ్డ కాదు, మార్చేశారు" అంటోంది. బాలింత ఇలా మాట్లాడితే తెల్లారేదాకా ఆగకూడదు. బిడ్డని అత్త చేతికిచ్చి, ఆటోలో పెద్దాసుపత్రికి బయల్దేరాం. ప్రార్థన ఆటోలోనే చేశాను.

మరి దయ్యాలు లేవంటావా అని నన్ను నిలదీసినవాళ్లున్నారు. నేను నమ్ముతాను. మత్తయి 4:24లో దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను (ఫిట్స్ వచ్చేవాళ్లను) విడివిడిగా రాశారు. అదే మత్తయి 17లో చాంద్రరోగి అన్న అబ్బాయిలోంచే దయ్యం వెళ్లింది. చూడగానే తేల్చెయ్యడం మనవల్ల అయ్యే పని కాదు. కతోలికుల్లో అయితే బిషప్ గారి అనుమతి లేనిదే ఏ ఫాదరూ భూతోచ్ఛాటన (దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన) చెయ్యకూడదు, జబ్బేమో ముందు చూడమని సవరించి 1999లో విడుదల చేసిన విధానంలోనూ ఉంది.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. సేవకొచ్చిన మొదటి ఏడాది ఫిట్స్ వచ్చిన ఒక కుర్రాడి చేతిలో ఇంట్లోవాళ్లు తాళాల గుత్తి పెడితే, నోట్లో చెంచా పెట్టమన్నది నేనే. పన్ను విరిగింది.

ప్రార్థన కూర్చుని, మామూలు గొంతుతో చెయ్యండి. కొట్టడం, జుట్టు పట్టుకోవడం, మిరపకాయల పొగ వద్దే వద్దు. ఉపవాసం మీరుండండి, ఆ మనిషికి అన్నం పెట్టించండి. జర్మనీలో 67 సార్లు భూతోచ్ఛాటన చేయించుకున్న 23 ఏళ్ల అమ్మాయి 1976లో తిండి లేక చిక్కిశల్యమై చనిపోయింది.

"నిన్నెవరు పంపారు?" అని మాత్రం అడగొద్దు. ఆ పిల్ల నోటికొచ్చిన పేరు ఎదురింటి ముసలమ్మదవుతుంది, తెల్లారేసరికి చేతబడి చేసిందని ఆమె మీద పడతారు. గెరాసేనుల దేశంలో దయ్యం పట్టినవాణ్ణి ప్రభువు అడిగింది పేరొక్కటే, అదీ ఒక్కసారే. మనవాళ్లు అరగంట ఇంటర్వ్యూ చేస్తారు.

నెమ్మదించాక వారం వారం వెళ్లి మాత్రలు వేసుకుంటోందో లేదో చూడండి. ఆదివారం సాక్ష్యం చెప్పమని మైకు మాత్రం చేతికివ్వకండి. పెళ్లి కావలసిన పిల్లయితే ఆ మాట సంబంధం చూడవచ్చినవాళ్ల చెవిన కూడా పడుతుంది.