రెడ్ రాక్ కాన్యన్‌లో కౌబాయ్ ఫ్రేమ్ పట్టుకోవాలంటే

లాస్ ఏంజెలెస్ నుంచి రెండు గంటల పైచిలుకు డ్రైవ్. మొహావి ఊరు దాటాక 14వ నంబర్ హైవే బోసి ఎడారిలో సాగి సాగి, ఉన్నట్టుండి ఎర్ర కొండల మధ్యకి దూరుతుంది. అదే రెడ్ రాక్ కాన్యన్ స్టేట్ పార్క్. స్టూడియోలకి ఇంత దగ్గరలో ఇలాంటి చోటు ఉంటే హాలీవుడ్ వాళ్లు వదులుతారా? గ్రెగరీ పెక్ నటించిన కౌబాయ్ సినిమా ‘ది బిగ్ కంట్రీ’ (1958)లో కొంత భాగం ఇక్కడే తీశారు. ‘జురాసిక్ పార్క్’ (1993) మొదట్లో ఎముకలు తవ్వే సీనూ ఇక్కడిదే, కథలో మాత్రం అది మోంటానా.

ఇండియా నుంచి చుట్టాలొస్తే నేను ముందు చూపించేది ఈ కొండలనే. అయితే మధ్యాహ్నం మాత్రం తీసుకెళ్లను. ఎందుకో గోడ దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. పైన గట్టి రాతి పొర, కింద మెత్తటి మట్టి, ఇసుక పొరలు. వాన నీళ్లు జారి జారి ఆ మెత్తటి భాగాన్ని నిలువునా కోసేశాయి. అందుకే గోడంతా స్తంభాలు పేర్చినట్టుంటుంది. ఎండ ఏటవాలుగా పడితేనే ఆ గాడుల్లో నీడ నిలుస్తుంది. నడినెత్తిన సూర్యుడుంటే నీడలు పోయి, కొండ చప్పగా కనిపిస్తుంది. కాబట్టి పొద్దున్నే హేగెన్ కాన్యన్‌లో నడవండి, సాయంత్రానికి హైవేకి తూర్పున ఉన్న రెడ్ క్లిఫ్స్‌కి రండి. ఆ గోడలు పడమటి ఎండకి మండిపోతున్నట్టుంటాయి.

ఇక ఫోటో. మా మామయ్య గారు కృష్ణ గారి వీరాభిమాని. 1971 నాటి ఆయన కౌబాయ్ సినిమా ‘మోసగాళ్ళకు మోసగాడు’ గురించి ఇప్పటికీ గంటలు గంటలు చెబుతారు. ఆయనకి టోపీ పెట్టి, గోడకి ఆనుకోనివ్వకుండా, బాగా ముందుకి నిలబెట్టాను. నేను మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ కిందికి దించాను. అలా తీస్తే మనిషి ఎత్తుగా కనిపిస్తాడు. కెమెరా వైపు చూడొద్దన్నాను. ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని దూరంగా చూశారు, అంతే, పని అయిపోయింది! ఫ్రేమ్‌లో రోడ్డు, కార్లు పడకుండా చూసుకోండి. రెండడుగులు పక్కకి జరిగితే చాలాసార్లు ఏదో ఒక రాయి వాటిని కప్పేస్తుంది.

శీతాకాలం, వసంతం మంచివి. వసంతంలో గాలి బాగా ఉంటుంది, టోపీకి తాడు కట్టుకోండి. ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటడం మామూలే, పిల్లలతో, పెద్దవాళ్లతో అప్పుడు వద్దు. పార్కులో పెట్రోలు గానీ తిండి గానీ దొరకవు. ట్యాంకు మొహావిలోనే నింపుకోండి, పులిహోర ఇంటి దగ్గరే కట్టుకోండి. నీళ్లు మీరనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. రాత్రి ఉండాలంటే రికార్డో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, నక్షత్రాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి.

దయచేసి గోడలెక్కకండి. రాయి మెత్తన, కాలు పెడితే రాలిపోతుంది. ఎక్కడైనా మబ్బు పట్టిందంటే వాగు దారుల్లోంచి వెంటనే బయటికి రండి, ఎడారిలో వరద క్షణాల్లో వస్తుంది. ఇంటికి తీసుకెళ్లే ఫోటోలకి పర్మిషన్ అక్కర్లేదు. డబ్బుల కోసం తీసే షూటింగ్ అయితే మాత్రం ముందుగానే కాలిఫోర్నియా ఫిల్మ్ కమిషన్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి.