భీమిలి బీచ్ ఒక్క పూటలో ఎలా చూడాలి?

విశాఖ నుంచి భీమిలి బస్సు ఎక్కేముందు కండక్టర్‌ని అడగండి, బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుందా, హైవే మీదుగానా అని. బీచ్ రోడ్డు బస్సే ఎక్కాలి, ఎడమ చేతి వైపు సీటు ఎవరికైనా ఇచ్చేసి కుడి వైపు కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది. వెంట తువ్వాలు, మార్చుకునే బట్టలు, నీళ్ల సీసా ఉంటే చాలు. దారిలో తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు కనపడగానే దిగిపోయి, భీమిలి చేరేసరికి చీకటి పడిందని వాపోయేవాళ్లను చాలామందిని చూశాను. వాటికి ఇంకో రోజు పెట్టుకోండి.

తెల్లారేసరికి అక్కడ ఉండాలి. ఆదివారం సాయంత్రం వెళ్తే కనపడేది సముద్రం కాదు, జనం.

ముందు డచ్ వాళ్ల సమాధులు చూడండి. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చిన వాళ్లు, 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించేదాకా ఇక్కడ పాతుకుపోయారు. ఉప్పుగాలికి అరిగిన రాళ్ల మీద అక్షరాలు ఎండ ఏటవాలుగా పడినప్పుడే తెలుస్తాయి, మిట్టమధ్యాహ్నం వెళ్లి ఏమీ లేదనకండి. పక్కనే లైట్‌హౌస్, గంటస్తంభం నడిచి చూసేయొచ్చు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు కాబట్టి పాత వీధుల్లో కాస్త తిరగండి. ఓపిక ఉంటే పావురాలకొండ ఎక్కండి, బౌద్ధుల కాలం నాటి ఆనవాళ్లు, కింద ఊరూ సముద్రమూ కలిపి కనపడతాయి. ఎండ ముదరకముందే దిగిపోవాలి.

ఇక నీళ్లలో దిగడం. అందరూ బస్సు దిగగానే చేసే పని ఇదే, నేను చివరికి పెట్టమంటాను, ఎందుకంటే తొందరలో దిగేవాళ్లే ఇబ్బందుల్లో పడతారు.

గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర నీళ్లు ప్రశాంతంగా కనపడతాయి, పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్తారు. వద్దు. పాటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గుతుంటే నది నీళ్లు కూడా దాంతో కలిసి బయటికి లాగుతాయి. ఇసుక మేటలు జరుగుతూ ఉంటాయి కాబట్టి పోయినసారి మోకాలి లోతున్న చోట ఈసారి ఛాతీ దాకా ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో లాగుడు ఇంకా ఎక్కువ. మొగకు బాగా దూరం జరగండి.

అక్కడైనా వెంటనే దిగకండి. పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో ఉండి, నురగ లోపలికి పోతూ ఉంటే అదే లాగే చోటు. కెరటాలు లేవు కదా హాయిగా ఉందనుకుని అందులోకే దిగుతారు! వలలు బాగుచేసుకునే పెద్దాయన ఎవరైనా ఉంటే "బాబాయ్, ఇవాళ లాగుడు ఎలా ఉంది?" అని అడగండి. వద్దంటే వద్దు, టికెట్ డబ్బులు దండగని మొండికేయొద్దు.

దిగినా మోకాలు దాటకండి. పిల్లల్ని వేళ్లు పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకోండి, తడిసిన వేళ్లు ఇట్టే జారిపోతాయి. మందు తాగినవాణ్ణి ఒడ్డునే కూర్చోబెట్టండి. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి కేకేయండి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక కెరటాలతో పాటు ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకాలే దూకొద్దు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసిరి, జాలర్లను పిలవండి.

బయటికొచ్చాక ముంత మసాలా తినండి, నిమ్మకాయ ఎక్కువ పిండమనండి. తడి బట్టలతో బస్సెక్కకండి, పక్కవాళ్లు తిడతారు.