రిలే జట్టు సైకిల్ పందెంలో సమయం ఎక్కడ కారిపోతోంది?

నలుగురు వంతులవారీగా రాత్రింబవళ్లు తొక్కే పందెం ముగిశాక "కాళ్లు సహకరించలేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. లాగ్ పుస్తకం తిరగేస్తే కాళ్ల తప్పు తక్కువే కనిపిస్తుంది. ఒకరు ఆగి మరొకరు అందుకునే చోట, నిద్ర లేచే చోట, వెంట వచ్చే సహాయక వ్యాను దారి తప్పే చోట గంటలు పోయి ఉంటాయి. కింద రాసినవి నలుగురి జట్టును దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇద్దరే ఉంటే నిద్ర లెక్కలు పూర్తిగా మారిపోతాయి.

సమస్య: అందరూ బాగానే తొక్కుతున్నారు, జట్టు సగటు వేగం మాత్రం పెరగడం లేదు

ముందు మార్పిడులు లెక్కపెట్టండి. అమెరికా పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా సాగే సైకిల్ పందెం రేస్ అక్రాస్ అమెరికా దూరం సుమారు 4,800 కిలోమీటర్లు. దాన్ని 7 రోజుల్లో, అంటే 168 గంటల్లో ముగించాలనుకున్న జట్టు 20 నిమిషాల వంతులు పెట్టుకుంటే 504 మార్పిడులు అవుతాయి. ఒక్కోసారి 30 సెకన్లు జారిపోతే మొత్తం 4 గంటల 12 నిమిషాలు. అంతసేపు ఎవరూ అలసిపోలేదు, ఎవరూ ముందుకు కదలనూ లేదు.

కారణాలు సాధారణంగా రెండు. ఎక్కబోయేవారు బరువైన గేరులో నిలబడి ఉంటారు, లేదా వ్యాను ఆలస్యంగా చేరుతుంది. మొదటిదానికి మందు సాధన ఒక్కటే. ఖాళీ రోడ్డు మీద 30 సార్లు మార్పిడి చేసి చూడండి. వచ్చేవారి ముందు చక్రం వెళ్లేవారి వెనక చక్రాన్ని దాటితేనే మార్పిడి చెల్లుతుందనే నియమం ఉన్న పందేలున్నాయి. చీకట్లో ఆ కొలత కంటికి అలవాటు కావాలి. అంచనా సమయానికి 5 నిమిషాల ముందే వ్యాను నుంచి సైకిల్‌ను దించి ఉండాలి, దీపాలు వెలగాలి, తేలిక గేరు పడి ఉండాలి, ఒక బూటు పెడల్‌కు బిగిసి ఉండాలి.

రెండోది చోటు ఎంపికకు సంబంధించినది. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్ నెమ్మదిగా వెళుతుంది కాబట్టి వ్యాను సులభంగా ముందుకు పోగలదు, ఆగినా పోయే వేగం తక్కువ. అక్కడ వంతును 10 నిమిషాలకు కుదించినా నష్టం లేదు. పల్లంలో లెక్క తలకిందులవుతుంది. వంపుల రోడ్డు మీద వ్యాను సైకిల్‌ను దాటడమే కష్టం. శిఖరం మీద ఎక్కినవారినే చివరిదాకా దిగనివ్వండి. వంతు 40 నిమిషాలైనా పరవాలేదు.

సమస్య: రెండో రోజుకే ఒకరి బలం సగమైంది

ఇరవై నిమిషాలే కదా అని మొదటి రోజు ప్రతి వంతునూ చివరి వంతులా తొక్కి ఉంటారు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. చదును రోడ్డు మీద 10 శాతం అదనపు వేగానికి దాదాపు మూడో వంతు అదనపు శక్తి ఖర్చవుతుంది. గంటసేపు నిలకడగా తొక్కగలిగే శక్తిలో 85 శాతాన్ని మొదటి రోజు హద్దుగా పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. మీటరు మీద సగటు వేగం అంకెను దాచేయండి. ఆ అంకె చూస్తే ఎవరూ మాట వినరు.

తొక్కే ప్రతి గంటకూ 60 నుంచి 90 గ్రాముల పిండి పదార్థం కావాలి. గ్లూకోజు ఒక్కటే అయితే పేగులు గంటకు సుమారు 60 గ్రాములకు మించి పీల్చుకోలేవు. అంతకు మించాలంటే ఫ్రక్టోజు కలవాలి. దిగిన వెంటనే తినాలి. ఎక్కే ముందు తింటే కడుపులో కుదుపే మిగులుతుంది.

సమస్య: తెల్లవారుజామున మూడింటికి లేపితే మనిషి లేచాడు, మెదడు లేవలేదు

ఒక రాత్రి మా సహచరుడు హెల్మెట్, చేతి తొడుగులు పెట్టుకుని సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. సిద్ధమేనా అంటే సిద్ధమే అన్నాడు. కాళ్లకు మేజోళ్లే ఉన్నాయి. బూట్లు వ్యానులో, దిండు పక్కన ఉండిపోయాయి. అప్పటి నుంచి మేము ఆ ప్రశ్న అడగడం మానేసి, తర్వాతి మలుపు ఎటువైపో చెప్పమంటున్నాం.

గాఢ నిద్ర నుంచి లేచాక అరగంట దాకా మత్తు వదలకపోవచ్చు. పైగా శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గేది ఆ వేళలోనే. అసలు కారణం మాత్రం పట్టికలో ఉంటుంది. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక జంట వంతులు మార్చుకుంటూ తొక్కుతుంటే రెండో జంట విశ్రాంతి తీసుకుంటూ, 4 గంటలకోసారి జంట మారితే, భోజనం, ఒళ్లు తుడుచుకోవడం, వ్యాను ముందుకు వెళ్లడం పోను నిద్రకు మిగిలేది 2 గంటలే. రాత్రి విడతను 7 లేదా 8 గంటలు చేయండి. పగటి విడత 4 గంటలే ఉండనివ్వండి. వంతుకు 40 నిమిషాల ముందు లేపి, దీపం వేసి, కూర్చోబెట్టండి.

డ్రైవరు నిద్ర ఇంతకన్నా ముఖ్యం, దాన్ని రాసుకునే జట్లు మాత్రం అరుదు. సైకిల్ మీద కునుకు వస్తే వంతు మార్చవచ్చు. స్టీరింగ్ ముందు కునుకు వస్తే ఎదురుగా వెళుతున్నది మన మనిషే. డ్రైవరు ఆవలిస్తే వ్యాను ఆగాలి, వ్యాను లేకుండా రాత్రి తొక్కకూడదు కాబట్టి సైకిల్ కూడా ఆగాలి.

చిన్నవిగా కనిపించేవి

సీటు పుండ్లకు ఒక కారణం, తడిసిన షార్ట్స్‌తోనే పడుకోవడం. దిగగానే విప్పి, కడిగి, ఆరనివ్వండి. మోకాలి నొప్పి ఉన్నట్టుండి మొదలైతే సీటు ఎత్తు కొలవండి. వ్యానులోకి ఎక్కించి దించేటప్పుడు అది జారుతుంది. సీటు గొట్టానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే చాలు.

తలనొప్పి, వికారం, వేళ్ల వాపు ఉండి, నీళ్లు కూడా బాగా తాగి ఉంటే ఇంకా నీళ్లు పోయకండి. రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు. మాట తడబడితే పందెం పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సమస్య: దారి తప్పారు

వ్యాను చూస్తోందని సైకిల్ మీదున్నవారు, సైకిల్ మీదున్నవారికి తెలుసని వ్యానులోనివారు అనుకుంటారు. ప్రతి మలుపునూ ముందు సీటులోని వ్యక్తి పైకి చదవాలి, తొక్కేవారు తిరిగి పలకాలి. తప్పాక అడ్డదారిలో కలుద్దామనే ఆలోచన వద్దు. చాలా పందేల్లో దారి వదిలిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. ఆ చోటును ఫోనులో గుర్తు పెట్టుకుని వెనక్కి వెళ్లండి. తప్పు ఎవరిదో తేల్చే పని ముగింపు గీత దాటి, స్నానం చేసి, ఒక నిద్ర తీశాక పెట్టుకోవచ్చు.