‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని ప్రోగ్రామ్ మొరాయిస్తుంటే

లక్షణం: లినక్స్‌లో రూట్ (సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతా) కాని మామూలు యూజర్ కింద నడిచే సర్వర్ ప్రోగ్రామ్, రద్దీ పెరగగానే కొత్త కనెక్షన్లు తీసుకోవడం మానేస్తుంది. లాగ్‌లో పై మాట, పక్కన ఎర్రర్ 24 ఉంటాయి. 24 కాక 23 ఉంటే మొత్తం సిస్టమ్ కోటాయే నిండిందని అర్థం, అది అడ్మిన్ చూడాల్సిన పని.

కారణం: ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో కెర్నల్ (లినక్స్ మూల భాగం) హద్దు పెడుతుంది. సాకెట్లు (నెట్‌వర్క్ కనెక్షన్లు), పైపులు (ప్రోగ్రామ్‌ల మధ్య డేటా దారులు) కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఈ హద్దు రెండు రకాలు: ఇప్పుడు అమల్లో ఉన్నది సాఫ్ట్ లిమిట్, దాన్ని ఎక్కడి దాకా పెంచవచ్చో చెప్పేది హార్డ్ లిమిట్. చాలా చోట్ల సాఫ్ట్ లిమిట్ 1024.

టెర్మినల్‌లో యూలిమిట్ (లిమిట్లు చూపే, మార్చే కమాండ్) కొట్టి, పెద్ద అంకె కనబడగానే ‘లిమిట్ బాగానే ఉంది’ అనుకోకండి. అది మీ షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) లిమిట్. నడుస్తున్న ప్రోగ్రామ్ లిమిట్ కావాలంటే ప్రాక్ (/proc) డైరెక్టరీలో దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) కింద ఉన్న లిమిట్స్ ఫైల్ చదవండి. పక్కనే, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎన్ని ఎంట్రీలున్నాయో పది నిమిషాలకోసారి లెక్కపెట్టండి. రద్దీ తగ్గాక కూడా ఆ అంకె పెరుగుతూనే ఉంటే కోడ్‌లో ఎక్కడో తెరిచినవి మూయడం లేదు. అప్పుడు లిమిట్ ఎంత పెంచినా రేపు పడేది ఎల్లుండి పడుతుంది, అంతే. ముందు కోడ్ సరిచేయండి.

పరిష్కారం: హార్డ్ లిమిట్ దాకా సాఫ్ట్ లిమిట్‌ను మీరే పెంచుకోవచ్చు, రూట్ అక్కర్లేదు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే స్క్రిప్ట్‌లోనే యూలిమిట్‌కు పెద్ద ఎస్, చిన్న ఎన్ ఆప్షన్లు ఇచ్చి, కావాల్సిన అంకె రాయండి. ఆ ఎస్ మరిచిపోతే హార్డ్ లిమిట్ కూడా అదే అంకెకు దిగిపోతుంది. దిగాక ఆ షెల్‌లో మళ్లీ పైకి ఎక్కించే అధికారం మీకు ఉండదు. ముందు సుడో (రూట్ అధికారంతో నడిపించే కమాండ్) తగిలించినా లాభం లేదు, ఎందుకంటే యూలిమిట్ షెల్‌లోనే ఉండే కమాండ్.

హార్డ్ లిమిట్ కూడా చాలకపోతే అడ్మిన్‌ను అడగాలి. ఆయన లిమిట్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్‌లో మార్చాక, మీరు పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ రండి. పాత టీమక్స్ (లాగౌట్ అయినా నడుస్తూనే ఉండే టెర్మినల్) సెషన్‌లోకి తిరిగి వెళ్తే పాత లిమిటే ఉంటుంది. ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి నడిపే వ్యవస్థ) సర్వీస్‌గా నడుపుతుంటే ఆ ఫైల్ మార్చినా ఫలితం ఉండదు. ఆ సర్వీస్ సెట్టింగులుండే యూనిట్ ఫైల్‌లో లిమిట్‌నోఫైల్ పెట్టించి, డెమన్ రీలోడ్ చేసి, సర్వీస్ రీస్టార్ట్ చేయించండి.

‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్’ అని వస్తే అది ప్రాసెస్‌ల లిమిట్ (ఫోర్క్ అంటే కొత్త ప్రాసెస్‌ను పుట్టించడం). మీ యూజర్ పేరు మీద నడిచే అన్ని ప్రోగ్రామ్‌ల థ్రెడ్లూ (ప్రాసెస్ లోపల సమాంతరంగా నడిచే పనులు) కలిపి లెక్క. అక్కడ ఖాళీ ఉన్నా ఫోర్క్ కాకపోతే సిస్టమ్‌డీలో టాస్క్స్‌మ్యాక్స్ (ప్రాసెస్‌లు, థ్రెడ్లకు సిస్టమ్‌డీ పెట్టే గరిష్ఠ సంఖ్య) ఎంతుందో చూడండి.