చిన్న క్లినిక్‌లో చెత్త తగ్గాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద నాది రెండు గదుల క్లినిక్. 28 ఏళ్ల ప్రాక్టీసు. నాలుగేళ్ల కింద ఒక వానాకాలంలో వారం రోజులు, ఆసుపత్రి చెత్త తీసుకుపోయే బండి వచ్చేముందు, సంచులన్నీ కొక్కెం కాంటాకు తగిలించి తూచాను. వాడేసిన ప్లాస్టిక్ సామాన్లు వేసే ఎర్ర సంచే అన్నిటికన్నా బరువు. విప్పాల్సిన పని కూడా లేదు, పైనే కనిపిస్తున్నాయి సెలైన్ సీసాలూ, వాటిని నరానికి ఎక్కించే గొట్టాలూ (ఐవీ సెట్లు). నిజం చెప్పాలంటే వాటిలో చాలావరకు రోగి అడిగాడని పెట్టినవే. అందుకే కొత్తగా క్లినిక్ పెట్టుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడిగితే నేను బకెట్ల రంగుల గురించి కాదు, సెలైన్ గురించి ముందు చెబుతాను.

జ్వరమొచ్చి మూడు రోజులైన మనిషి వచ్చి, "సారూ, పానం గుంజుతుంది, ఒక గ్లూకోజు ఎక్కియ్యి" అంటాడు. అవసరం లేదని ఊరుకుంటే లేచి పక్క వీధిలోకి పోతాడు. ఆ సీసా అక్కడ ఖాళీ అవుతుంది, చెత్త ఊళ్లోనే ఉంటుంది. కాబట్టి కాదనడమూ ఒక పద్ధతిగా చేయాలి. ముందు నాలుక చూడండి, బీపీ చూడండి, మూత్రం బాగా వస్తోందా, తాగింది కడుపులో నిలుస్తోందా అని అడగండి. మీరు చూశారన్న నమ్మకం ఆయనకు కుదరాలి. నిలుస్తోందంటే లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి, స్టీలు గ్లాసుతో అక్కడే కూర్చోబెట్టి తాగించండి. ఇంటికి తీసుకుపొమ్మని ప్యాకెట్ చేతిలో పెడితే అది అలమర్లోనే ఉండిపోతుంది.

ఒక లెక్క కూడా చెబుతాను. అర లీటరు ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. "గింతేనా సారూ?" అని చాలామంది నవ్వేస్తారు. ఆ నవ్వు వచ్చిందంటే సగం పని అయినట్టే. వాంతులు ఆగనివాళ్లు, మగతగా ఉన్నవాళ్లు, డెంగ్యూలో బీపీ పడిపోతున్నవాళ్లు వేరే లెక్క. వాళ్ల దగ్గర సీసాలు లెక్కపెట్టకూడదు, పెట్టాల్సింది పెట్టి పెద్దాసుపత్రికి పంపాలి.

సూదికీ ఇదే వరస. మాత్రతో తగ్గే ఒళ్లు నొప్పులకు సూది వేస్తే సిరంజీ, నీడిలు, మందుండే చిన్న గాజు బుడ్డి (ఆంప్యూలు), దూది, రెండు మూడు ప్లాస్టిక్ రేపర్లు మిగులుతాయి. ఇలా మొదలుపెట్టిన రెండు నెలలు నాకు వచ్చే రోగులు తగ్గారు, అబద్ధం ఎందుకు. తర్వాత మళ్లీ వచ్చారు, కొందరు రాలేదు.

ఇక బకెట్లు. 2016 నాటి బయో మెడికల్ వేస్ట్ నిబంధనలు గోడకు అంటించే ఉంటాయి, అందరికీ తెలిసినవే. రక్తం అంటిన దూది, కాలం తీరిన మందులు పసుపులో. నీడిలు తీసేసిన సిరంజీ, ఐవీ సెట్టు, గ్లోవ్స్ ఎరుపులో. నీడిళ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు నీలంలో. తప్పు జరిగేది అంచుల్లో. టీ కప్పు, మందుల అట్టపెట్టె, బిస్కెట్ కవరు పసుపు సంచిలో పడితే అవి కూడా బట్టీలో కాలాల్సిందే. ప్లాస్టిక్ కాలితే ఏం పొగ వస్తుందో డాక్టర్లకు చెప్పక్కర్లేదు. ఎరుపులో సరిగ్గా పడ్డ ప్లాస్టిక్ మాత్రం శుద్ధి అయ్యాక రీసైక్లింగ్‌కు పోతుంది. అందుకని నీడిల్ కట్టర్ సూది వేసే చేతికి అందేంత దగ్గర పెట్టండి, మామూలు చెత్తబుట్ట మాత్రం రోగులు కూర్చునే బెంచీ పక్కన పెట్టండి. బుట్ట దూరమైతే ఎవరైనా దగ్గరున్న దాంట్లోనే వేస్తారు. రక్తం అంటిన చెత్త 48 గంటలకు మించి ఉంచకూడదు. మంచాలు లేని క్లినిక్‌కైనా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పదు.

ఇప్పుడు ఇన్‌హేలర్లు, అంటే ఉబ్బసానికి నోటితో పీల్చే మందులు. మా వీధిలో ఇదే పెద్ద సంగతి. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డుకు బస్తాలు వస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్లకే దగ్గు, ఇక మోసే హమాలీల సంగతి చెప్పాలా. నొక్కితే పొగలా వచ్చే ఇన్‌హేలర్‌లో మందును తోసేది ఎక్కువగా హెచ్ఎఫ్ఏ-134ఏ అనే గ్యాసు. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,300 రెట్లు. డబ్బాలో పది గ్రాములు ఉందనుకున్నా 13 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. రోటాహేలర్‌లో క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి మందుకు ఆ గ్యాసే లేదు. మన దగ్గర అది చవక కూడా.

కానీ అందరికీ మార్చేయకండి. పొడి మందును గట్టిగా, ఒక్క ఊపున పీల్చాలి. చిన్న పిల్లలు, ఆయాసం ముదిరినవాళ్లు అంత బలంగా పీల్చలేరు. వాళ్లకు గ్యాసు ఇన్‌హేలర్, దాని మూతికి తగిలించి మెల్లగా పీల్చుకునే డొల్ల గొట్టం (స్పేసర్) ఇవే సరి. స్పేసర్ కొనలేకపోతే అర లీటరు నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి వాడుకోవచ్చు, బాగానే పనిచేస్తుంది. ఉన్న మందుతో ఉబ్బసం కుదురుగా ఉన్నవాళ్లను వాళ్లు ఒప్పుకోకుండా మార్చకండి. మార్చినవాళ్లచేత మీ ఎదుటే ఒకసారి పీల్పించండి. ఒక హమాలీ పెద్దయ్య నెల రోజుల తర్వాత వచ్చి "మందు పనిచేస్తలేదు సారూ" అన్నాడు. ఎలా వాడుతున్నావంటే, పీల్చాల్సిన క్యాప్సూళ్లను నీళ్లతో మింగుతున్నాడట. తప్పు నాదే, చూపించకుండా చీటీ రాసి పంపాను. గ్యాసు డబ్బా వాడేవాళ్లకు మాత్రం అది అయిపోయే తేదీ డబ్బా మీదే రాసివ్వండి. 200 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు చొప్పున 50 రోజులు. సగం వాడి పారేయడమూ, ఖాళీ డబ్బా నొక్కుతూ కూర్చోవడమూ రెండూ చూశాను.

పాదరసం బీపీ మిషన్లు ఇంకా ఉంటే మార్చేయండి. నాది ఒకసారి బల్ల మీంచి పడింది. నేను లోపలి గది నుంచి వచ్చేసరికి ఆయమ్మ చీపురుతో ఊడ్చేస్తోంది, గోలీలన్నీ బెంచీల కిందికి పరుగు. ఊడ్చకూడదు. కిటికీలు తెరిచి, అట్టముక్కతో ఒకచోటికి చేర్చి, సిరంజీతో పీల్చి, నీళ్లున్న సీసాలో వేసి గట్టిగా మూత పెట్టాలి. పాత మిషన్‌ను ఇనుప సామాన్లవాడికి అమ్మకండి.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు గురించి ఒక మాట. ఆ మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడవుతాయి. దేశంలో రాబందులు 90 శాతానికి పైగా పోవడానికి ఇదే కారణం. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. మనుషుల మందును బర్రెలకు వాడుతున్నారని 2015లో పెద్ద సీసాలు ఆపి, 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకే పరిమితం చేశారు. మన ఉత్తర తెలంగాణలోనే, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల వైపు పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయి. మీ దగ్గర మిగిలిన ఆంప్యూళ్లు బర్రె కోసమని ఎవరడిగినా ఇవ్వకండి. పశువుల డాక్టరు దగ్గరికి పొమ్మనండి, దాని బదులు వాడటానికి మెలాక్సికామ్ ఉంది.

పొదుపు పేరుతో వాడిన సిరంజీ, గ్లోవ్స్ కడిగి మళ్లీ వాడటం మాత్రం వద్దు. గాజు సిరంజీలు మరగబెట్టిన రోజులు నేను చూశాను, అవి తిరిగి రావాలని అనను. స్టీలు ట్రేలు, ఫోర్సెప్స్ మాత్రం ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు పెట్టి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. మంచం మీద పేపరు షీటు బదులు ఉతికే నూలు దుప్పటి చాలు.

కరెంటు సంగతి చిన్నది. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఏసీ 26 మీద. టీకాల ఫ్రిజ్ జోలికి పోకండి, అది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. గదుల్లో వేడి తగ్గాలని మా డాబాకు ఏటా మార్చి మొదటి వారంలో తెల్ల సున్నం రెండు కోట్లు వేయిస్తాను. మిర్చి లోడు దిగాక ఖాళీగా ఉండే ఇద్దరు కుర్రాళ్లు ఒక పొద్దున్నే వేసేస్తారు.