అమెరికాలో ప్రైవేట్ హైస్కూల్: కాలేజీ సీట్ల జాబితాను, స్కూల్ వాతావరణాన్ని పోల్చి చూడటం ఎలా?

ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇళ్లకు అక్టోబరు వచ్చేసరికి ప్రైవేట్ హైస్కూళ్ల బ్రోషర్లు చేరుతుంటాయి. దాదాపు అన్నిటిలోనూ ఒక పేజీ నిండా కాలేజీల పేర్లే: హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్. రెండు స్కూళ్ల పేజీలు పక్కపక్కన పెట్టుకున్నా ఏది మెరుగో తెలియదు. పోల్చడానికి కావలసిన అంకెలు అందులో ఉండవు మరి. పెద్ద నగరాల్లో ఏడాదికి 30 వేల డాలర్లు దాటిపోయే ఫీజును నాలుగేళ్లు కట్టబోయేవాళ్లు ఆ అంకెల్ని అడిగి తీసుకోవాలి. మొహమాటపడితే ఈ పని జరగదు.

మొదలుపెట్టేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. కాలేజీ సీట్ల జాబితా ఆ స్కూల్ ఎలాంటి పిల్లల్ని చేర్చుకుందో ఎక్కువ చెబుతుంది, వాళ్లకు ఏం నేర్పిందో తక్కువ చెబుతుంది. ప్రైవేట్ స్కూళ్ల ప్రవేశపరీక్షలైన ఎస్ఎస్ఏటీ, ఐఎస్ఈఈల్లో ముందున్నవాళ్లను ఏరుకున్న స్కూల్ నుంచి నాలుగేళ్ల తర్వాత కాలేజీ ప్రవేశపరీక్ష ఎస్ఏటీలో మంచి స్కోర్లు రావడంలో వింతేమీ లేదు. ఏరిన విత్తనం వేసినవాడినీ, దొరికిన విత్తనం వేసినవాడినీ బస్తాల లెక్కన పోల్చి ఎవరు మంచి రైతో తేల్చలేం కదా. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశపరీక్షతో చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్ల మీద 2014లో ఒక అధ్యయనం వెలువడింది. కటాఫ్‌కు కాస్త పైన ఉండి సీటు దక్కినవాళ్లనూ, కాస్త కింద ఉండి తప్పిపోయినవాళ్లనూ అది పోల్చింది. తర్వాతి పరీక్షల మార్కుల్లో ఈ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందువల్ల "ఇక్కడినుంచి ఐవీ లీగ్‌కు (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న యూనివర్సిటీలకు) ఎంతమంది వెళ్లారు?" అని అడిగి ఊరుకోవద్దు. "మా అమ్మాయిలాంటి పిల్లలు ఇక్కడినుంచి ఎక్కడికి వెళ్లారు, ఆ నాలుగేళ్లూ ఎలా గడిపారు?" అని అడగండి. కింద చెప్పే పనులన్నీ ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

1. కావలసిన కాగితాలు తెప్పించుకోండి

దాదాపు ప్రతి హైస్కూలూ విద్యార్థి ట్రాన్‌స్క్రిప్ట్‌తో (మార్కుల పత్రంతో) పాటు కాలేజీలకు "స్కూల్ ప్రొఫైల్" అని కొన్ని పేజీల పత్రం పంపుతుంది. సీనియర్ (పన్నెండో తరగతి) క్లాసులో ఎంతమంది ఉన్నారు, గ్రేడింగ్ ఎలా ఉంటుంది, ఏయే కోర్సులున్నాయి, గ్రాడ్యుయేట్లు ఎక్కడ చేరారు అన్నవి సాధారణంగా అందులో ఉంటాయి. చాలా స్కూళ్లు జీపీఏ (సగటు గ్రేడు), ఎస్ఏటీ స్కోర్ల విభజన కూడా ఇస్తాయి. స్కూల్ వెబ్‌సైట్‌లో కాలేజ్ కౌన్సెలింగ్ పేజీలో ఇది దొరుకుతుంది, లేకపోతే అడగండి. అడ్మిషన్ ఆఫీసర్లు చదివే పత్రం కాబట్టి బ్రోషర్ కంటే దీన్నే నమ్మాలి.

దాంతోపాటు గత మూడేళ్లకు విడివిడిగా, ఒక్కో కాలేజీలో ఎంతమంది చేరారో అంకెలతో ఉన్న జాబితా, స్టూడెంట్ హ్యాండ్‌బుక్, ఎన్‌రోల్‌మెంట్ కాంట్రాక్ట్ నమూనా తీసుకోండి. లాభాపేక్ష లేని సంస్థగా నడిచే స్కూల్ అయితే పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు ఏటా ఫారం 990 అనే ఆర్థిక నివేదిక దాఖలు చేస్తుంది. అది బహిరంగ పత్రమే, ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. హెడ్ ఆఫ్ స్కూల్ జీతం, విరాళాలు, లాయర్లకు పెట్టిన ఖర్చు, ఏడాది చివర మిగులో లోటో అందులో తెలుస్తాయి. చర్చిల కింద నడిచే స్కూళ్లలో చాలావాటికి ఈ ఫారం అవసరం ఉండదు.

2. పేర్లను అంకెల్లోకి మార్చండి

ఆ జాబితా సీటు వచ్చినవాళ్లదా, చేరినవాళ్లదా అన్నది మొదట తేల్చుకోండి. ఒకే విద్యార్థికి ఎనిమిది కాలేజీల్లో సీటొస్తే "సీటు వచ్చిన" జాబితాలో ఎనిమిదిసార్లు లెక్కకొస్తుంది. చేరినవాళ్ల లెక్కలో ఒక్కసారే వస్తుంది. కూడి చూస్తే సంగతి బయటపడుతుంది: 90 మంది క్లాసులో అంకెలన్నీ కూడితే 140 వచ్చిందంటే అది చేరినవాళ్ల జాబితా కాదు.

రెండోది, ఎన్నేళ్ల జాబితా అన్నది. "గత ఐదేళ్లలో మా విద్యార్థులు చేరిన కాలేజీలు" అని అంకెల్లేకుండా పేర్లు మాత్రమే వేస్తే, 450 మందిలో ఒక్కరు ఒక్కసారి వెళ్లినా యేల్ పేరు ఐదేళ్లపాటు ఆ పేజీలోనే ఉంటుంది. అలాగని ఒక్క ఏడాది లెక్క పట్టుకున్నా పొరపాటే. చిన్న క్లాసుల్లో ఒక బ్యాచ్ బాగుంటే శాతం అమాంతం పెరుగుతుంది. మూడేళ్లు కలిపి చూడండి.

మీ కుటుంబానికి నచ్చే కాలేజీలు ఓ పాతిక ముందే రాసిపెట్టుకుని, అదే జాబితాతో అన్ని స్కూళ్లనూ కొలవండి. ప్రతి స్కూల్ చెప్పే "టాప్ కాలేజీలు" వేరుగా ఉంటాయి, వాళ్ల కొలబద్దతో వాళ్లనే కొలిస్తే అందరూ నెగ్గుతారు. మీ పాతికలో మీ రాష్ట్ర యూనివర్సిటీ ఆనర్స్ ప్రోగ్రాం తప్పక ఉండాలి.

3. వేరే దారిలో వెళ్లినవాళ్లను పక్కన పెట్టండి

లెక్క తారుమారయ్యేది ఇక్కడే. అందుకే దీనికి ఎక్కువ సమయం కేటాయించండి.

కాలేజీల్లో కొందరికి తలుపు కాస్త ముందే తెరుచుకుంటుంది. కోచ్ ఎంచుకున్న క్రీడాకారులు, తల్లిదండ్రులు అక్కడే చదివిన లెగసీ పిల్లలు, ప్రొఫెసర్ల పిల్లలు, పెద్ద దాతల పిల్లలు ఈ కోవలోకి వస్తారు. ఐవీ లీగ్ కాలేజీలు క్రీడల స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ క్రీడాకారుల్ని రిక్రూట్ చేస్తాయి. ఖరీదైన ప్రైవేట్ స్కూళ్లలో రోయింగ్, స్క్వాష్, లాక్రాస్, ఫెన్సింగ్ జట్లకు ఉండే విలువకు అదొక కారణం. ఆపర్చునిటీ ఇన్‌సైట్స్ సంస్థ 2023లో విడుదల చేసిన పరిశోధన ప్రకారం, ఒకే టెస్ట్ స్కోరు ఉన్నప్పుడు కూడా అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలు మధ్యతరగతి పిల్లల కంటే రెండింతలకు పైగా ఐవీ స్థాయి కాలేజీల్లో చేరుతున్నారు. ఇందుకు చూపిన కారణాలు లెగసీ, క్రీడలు, చదువేతర అంశాలకిచ్చే రేటింగు.

ఒక లెక్క చూడండి. మొదటి స్కూల్లో 60 మందిలో 12 మంది మీ పాతిక కాలేజీల్లో చేరారు, అంటే 20 శాతం. రెండో స్కూల్లో 180 మందిలో 27 మంది, అంటే 15 శాతం. పైకి మొదటిదే మేలు. కానీ ఆ 12 మందిలో ఏడుగురు క్రీడాకారులు, లెగసీలు అనుకోండి. వాళ్లను రెండు వైపులా తీసేస్తే 53 మందిలో ఐదుగురు, 9 శాతం పైచిలుకు. రెండో స్కూల్లోనూ ఏడుగురే ఉంటే 173 మందిలో 20 మంది, దాదాపు 12 శాతం. ఏ అండా లేని అమ్మాయికి రెండోదే మంచి స్కూల్.

ఈ సంఖ్య ఎలా తెలుస్తుంది? స్కూల్ స్పోర్ట్స్ పేజీలో "కాలేజీ జట్లకు ఎంపికైనవాళ్లు" అని ఏటా ప్రకటిస్తారు, లెక్కపెట్టండి. లెగసీ గురించి నేరుగా చెప్పరు, కానీ దొడ్డిదారి ఒకటుంది. ఎంఐటీ, కాల్‌టెక్, జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్స్ట్ లెగసీని పట్టించుకోవు. వాటిలో ఎంతమంది చేరారో విడిగా చూడండి. కాలిఫోర్నియాలోనైతే ఇంకా సులువు: యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన వెబ్‌సైట్‌లో ఒక్కో హైస్కూల్ నుంచి ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి సీటొచ్చింది, ఎంతమంది చేరారు అన్నది ప్రైవేట్ స్కూళ్లతో సహా ప్రచురిస్తుంది. అక్కడ లెగసీ లేదు, ఎస్ఏటీ కూడా చూడరు. మీ దగ్గరి పబ్లిక్ స్కూల్ లెక్కనూ అదే పేజీలో పక్కన పెట్టుకోవచ్చు.

4. క్లాసు మధ్యలో ఉన్న విద్యార్థి గురించి అడగండి

పైనున్న పదిమంది ఏ స్కూల్లో ఉన్నా పైకే వెళ్తారు. కాలేజ్ కౌన్సెలింగ్ డైరెక్టర్‌ను ఇలా అడగండి: "జీపీఏ క్లాసు సగటు దగ్గర ఉన్న విద్యార్థులు పోయినేడాది ఏ కాలేజీల్లో చేరారు?" పేర్లు అక్కర్లేదు, ఐదారు కాలేజీలు చెబితే చాలు. తడుముకోకుండా చెప్పారంటే ఆ విద్యార్థుల్ని కూడా పట్టించుకున్నారనే. "ప్రతి బిడ్డకూ తగిన చోటు ఉంటుంది" అని దాటవేస్తే ఇంకోసారి అడగండి. రెండోసారీ రాకపోతే అదే మీకు జవాబు.

ఒక్కో కౌన్సెలర్‌కు ఎంతమంది సీనియర్లో అడగండి. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫారసు 250 మందికి ఒకరు, అదీ అన్ని పనులకూ కలిపి. ప్రైవేట్ స్కూల్లో కాలేజీ పనికే విడిగా కౌన్సెలర్ ఉంటారు కాబట్టి సీనియర్లు 50 దాటితే మీరు కట్టే ఫీజుకు తగ్గ సేవ కాదని నా అభిప్రాయం. కౌన్సెలర్ రాసే సిఫారసు లేఖ ప్రైవేట్ స్కూల్ ఇచ్చే నిజమైన మేళ్లలో ఒకటి. పిల్లవాడిని మూడేళ్లుగా ఎరిగిన మనిషి రాస్తే ఒకలా ఉంటుంది, సెప్టెంబరులో ఫైలు చూసి రాస్తే మరోలా ఉంటుంది. కౌన్సెలర్లు ఎంతకాలంగా అక్కడ పనిచేస్తున్నారో కూడా తెలుసుకోండి.

ఎర్లీ డెసిషన్ గురించి అడగడం మరచిపోవద్దు. సీటొస్తే చేరి తీరాలన్న ఒప్పందం అది. స్కూల్ ఫలితాల్లో ఎక్కువ భాగం ఎర్లీ డెసిషన్ మీద ఆధారపడితే, ఆర్థిక సహాయాల్ని పోల్చుకుని ఎంచుకోవాలనుకునే కుటుంబానికి ఆ ఫలితాలు వర్తించవు.

5. మీ రాష్ట్రం, మీ వీసా, మీ మేజర్ (ప్రధాన సబ్జెక్టు)

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకు మీద ఆధారపడుతుంది. 2026 ఫాల్ నుంచి యూటీ ఆస్టిన్‌కు అది మొదటి 5 శాతం. ర్యాంకులు ఇవ్వని ప్రైవేట్ స్కూల్లో చేరితే ఆ దారి మూసుకుపోయినట్టే.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు, చాలా ప్రైవేట్ కాలేజీలు వాళ్లను అంతర్జాతీయ విద్యార్థులతో కలిపి చూస్తాయి. అలాంటి విద్యార్థికి సాయపడిన అనుభవం కౌన్సెలర్‌కు ఉందో లేదో ముందే అడిగితే పన్నెండో తరగతిలో కంగారు తప్పుతుంది. మన పిల్లల్లో ఎక్కువమంది కోరుకునే కంప్యూటర్ సైన్స్ సంగతీ విడిగా అడగాలి. ఇల్లినాయి అర్బానా-షాంపేన్, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ లాంటి చోట్ల ఆ మేజర్‌లో సీటు రావడం యూనివర్సిటీలో సీటు రావడం కంటే ఎంతో కష్టం. జాబితాలో యూనివర్సిటీ పేరు మాత్రమే ఉంటే ఈ తేడా కనిపించదు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) కోర్సుల సంఖ్యతో స్కూళ్లను పోల్చవద్దు. వాషింగ్టన్ డీసీ ప్రాంతంలో ఎనిమిది పేరున్న ప్రైవేట్ స్కూళ్లు ఏపీని వదిలేస్తున్నట్టు 2018లో ప్రకటించాయి. వాళ్ల సొంత కోర్సులు వేరే ఉన్నాయి.

6. మామూలు రోజున వెళ్లి చూడండి

ఓపెన్ హౌస్‌లో మీరు చూసేది ఏర్పాటు చేసిన ప్రదర్శన. అక్కడ ఎదురయ్యే విద్యార్థుల్ని అడ్మిషన్ ఆఫీసు ఎంచి నిలబెట్టింది. మీ పిల్లవాడిని ఒక మామూలు రోజు క్లాసుల్లో కూర్చోనివ్వమని అడగండి, చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. పరీక్షల వారం అయితే మరీ మంచిది. సాయంత్రం వాడిని అడగాల్సినవి: భోజనం వేళ ఎవరైనా పక్కన కూర్చోమని పిలిచారా? క్లాసులో తప్పు జవాబు చెప్పినవాడిని తోటివాళ్లు ఏమన్నారు? ఎవరైనా నిద్రపోతూ కనిపించారా?

మీరు అడగాల్సినవి వేరు. ఒకే రోజు ఎన్ని పెద్ద పరీక్షలు పెట్టవచ్చన్నదానికి పరిమితి ఉందా, దాన్ని పాటిస్తున్నారా? తొమ్మిదిలో మామూలు గణితంలో చేరిన పిల్లవాడు పదిలో ఆనర్స్‌కు మారగలడా, పోయినేడాది ఎంతమంది మారారు? మిడిల్ స్కూల్లో ఆల్జీబ్రా, జామెట్రీ పూర్తిచేసి వచ్చినవాళ్లను మళ్లీ అదే కోర్సులో వేస్తారా? మన ఇళ్లలో చేరాక గొడవయ్యే విషయం ఇదే, చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

స్కూల్ విద్యార్థుల పత్రిక రెండేళ్లవి తిరగేయండి. నిద్రలేమి గురించి, కాపీ కొట్టడం గురించి, డబ్బున్న పిల్లల గుంపుల గురించి పిల్లలు తమ పేరు పెట్టి రాయగలుగుతున్నారంటే అక్కడ పెద్దలు వింటున్నారు. అన్నీ ఆటల విజయాలు, పూర్వవిద్యార్థుల ఇంటర్వ్యూలే ఉంటే కాస్త ఆలోచించండి. మానసిక ఒత్తిడిని తేలిగ్గా తీసుకోవద్దు. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 2018 నివేదిక కౌమారదశలో మానసిక ఆరోగ్యానికి ముప్పు తెచ్చే పరిస్థితుల్లో పేదరికం, వివక్షలతో పాటు రాణించి తీరాలన్న మితిమీరిన ఒత్తిడిని కూడా చేర్చింది.

హ్యాండ్‌బుక్‌లో క్రమశిక్షణ అధ్యాయం చదవండి. సస్పెన్షన్ జరిగితే కాలేజీలకు తెలియజేస్తారా, మొదటి తప్పుకు ఏం చేస్తారు, నిర్ణయించేది ఎవరు? ఈ మూడూ స్పష్టంగా రాసి ఉంటే అందరికీ ఒకే న్యాయం జరిగే అవకాశం ఎక్కువ.

7. వెళ్లిపోయినవాళ్లను లెక్కించండి

తొమ్మిదిలో 100 మంది చేరి పన్నెండులో 86 మంది మిగిలితే, ఆ 14 మంది ఏమయ్యారు? కొందరు ఊరు మారి ఉంటారు. కొందరిని "ఈ స్కూల్ మీకు సరిపడదు" అని మెల్లగా సాగనంపి ఉంటారు. వెనకబడినవాళ్లను అలా పంపించేసే స్కూల్ ఫలితాల శాతం దానంతటదే పెరుగుతుంది. మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకుంటే ఖాళీలు కనబడవు కాబట్టి "తొమ్మిదిలో చేరినవాళ్లలో ఎంతమంది ఇక్కడే గ్రాడ్యుయేట్ అయ్యారు?" అనే అడగాలి. మూడేళ్లలో ఎంతమంది టీచర్లు మారారు, పదేళ్లలో ఎంతమంది హెడ్లు మారారు అన్నది కూడా.

వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడేది ఎక్కువగా పిల్లలకు సీటొచ్చినవాళ్లు. పిల్లల్ని మానిపించిన కుటుంబాన్ని ఒకదాన్నైనా వెతికి ఫోన్ చేయండి. ఒకరి కోపాన్ని బట్టి తీర్పివ్వొద్దు గానీ ఇద్దరు ముగ్గురు ఒకే కారణం చెబితే దాన్ని స్కూల్‌నే నేరుగా అడగొచ్చు.

8. సంతకానికి ముందు

స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి స్కూల్‌కు ఒక వరుస, చివరన మీ ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూల్‌కూ ఒక వరుస వేయండి. నాలుగేళ్ల ఫీజు, పుస్తకాలు, రవాణా, ఏటా అడిగే విరాళం కలిపి దాని పక్కన రాయండి. ఆ మొత్తం మిగిలితే కాలేజీ ఫీజులో ఎంత తీరుతుందో కూడా రాయండి.

ఫలితాలు చాలా స్కూళ్లలో మార్చిలో వస్తాయి, జవాబు చెప్పడానికి నెల రోజులకు మించి ఇవ్వరు. ఎన్‌రోల్‌మెంట్ కాంట్రాక్ట్‌లో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటాక ఉద్యోగం పోయినా, ఊరు మారినా, పిల్లవాడు ఒక్కరోజు కూడా వెళ్లకపోయినా ఏడాది ఫీజు మొత్తం కట్టాలని చాలా కాంట్రాక్టుల్లో రాసి ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ట్యూషన్ రీఫండ్ ఇన్సూరెన్స్ తీసుకునేటట్లయితే ఉద్యోగం పోవడం, వీసా సమస్యలు దాని కిందికి వస్తాయో రావో పాలసీ కాగితంలో చూసుకున్నాకే డిపాజిట్ కట్టండి.