పెంచలకోనలో వలస గద్దలను లెక్కపెట్టడం ఎలా?

అక్టోబరు వచ్చిందంటే, నెల్లూరు వైపు వెలిగొండల కింద నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోనలో మెడకు బైనాక్యులర్ తగిలించుకున్నవాళ్లు కనిపిస్తారు. సాయంత్రం వాళ్ల పుస్తకం తెరిస్తే "గద్దలు: చాలా" అని ఉంటుంది. దాన్ని లెక్క అనరు.

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.), టోపీ, నీళ్లు, నోటుబుక్, పెన్సిల్ ఉంటే చాలు. ఫోన్‌లో రాయొద్దు. తల దించిన అర నిమిషంలో డేగ కొండ దాటేస్తుంది.

కొండెక్కే పని లేదు. అది అభయారణ్యం, అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. గుడికి ఎడంగా, కొండ అంచు బారుగా కనిపించేచోట కూర్చోండి. వెలిగొండలు పడమటి వైపు ఉంటాయి కాబట్టి పొద్దున ఎండ వీపు మీద పడి పక్షి రంగు తెలుస్తుంది. మధ్యాహ్నం దాటితే అన్నీ నల్లగానే కనబడతాయి.

కొందరు నీటిపక్షుల కోసం నేలపట్టు వెళ్లినట్టు చీకటితోనే వచ్చేస్తారు. నిద్ర దండగ. బండలు వేడెక్కి గాలి పైకి లేస్తేగాని పెద్ద గద్దలు కదలవు. తొమ్మిదికి రండి. ముసురు పట్టిన రోజు రావొద్దు, వాన వెలిసిన మర్నాడు మానొద్దు.

ఇక అందరూ బోల్తాపడేది సుడి దగ్గర. గద్దలు వేడిగాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. అప్పుడు లెక్కపెట్టారా, ఒకే పక్షిని మూడుసార్లు రాస్తారు. తిరిగినంతసేపు తిరగనివ్వండి. పైకి చేరాక రెక్కలు బిగబట్టి, ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ బయల్దేరతాయి. లెక్క అప్పుడే.

అందుకోసం ముందే ఒక గీత అనుకోవాలి. కొండ అంచున ఒంటరి బండ ఒకటి చూసుకుని, మీ దగ్గర్నుంచి దాని మీదుగా ఆకాశంలోకి గీత గీసినట్టు ఊహించుకోండి. ఉత్తరం నుంచి దక్షిణానికి ఆ గీత దాటితే ఒకటి కలపండి, వెనక్కి దాటితే ఒకటి తీసేయండి. గీత మీదే చక్కర్లు కొడుతుంటే పెన్సిల్ ముట్టుకోవద్దు. దాటింది కదా అని కళ్లు తిప్పుకోకండి, కనుమరుగయ్యేదాకా చూడండి. గరుడపక్షి, పాములగద్ద ఇక్కడే కాపురముండే పక్షులు. అవి ఠీవిగా దక్షిణానికి వెళ్లినట్టే వెళ్లి, కాకులు తరిమితే తిరిగొస్తాయి.

ఫొటోలు తీసి ఇంట్లో తీరిగ్గా లెక్కపెడతాం అనేవాళ్లతో నాకు పేచీ. పక్షి ఎటు పోయిందో ఫొటో చెప్పదు. నలుగురు చేరి "అదిగో, అదిగో" అని అరిచినా అంతే, అంకె పెరుగుతుంది, పక్షులు పెరగవు. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి, మూడోవాళ్లు వద్దు.

పేర్ల గురించి టెన్షన్ పడకండి. పిల్లిగద్దలు రెక్కలు కాస్త పైకెత్తి, బీడు భూముల మీద తక్కువ ఎత్తులో తేలుతుంటాయి. కాబట్టి కొండనే చూస్తూ పొలాలను మరవొద్దు. సన్నటి మొనదేలిన రెక్కలుంటే డేగ జాతి. సైబీరియా, చైనాల నుంచి నాగాలాండ్ మీదుగా ఆఫ్రికాకు పోయే అముర్ డేగలు మన దేశాన్ని దాటేది నవంబరు ప్రాంతంలోనే. పోల్చుకోలేకపోతే "గద్ద, తెలియనిది" అని రాయండి, ఊహించి పేరు పెట్టొద్దు.

గంటకో వరస రాసి, పక్కన మబ్బు, గాలివాటు వేయండి. ఒక్కటీ దాటని గంటకు సున్నా పెట్టండి. ఖాళీగా వదిలితే ఆ గంట మీరు ఆకాశం చూశారో, టీకి వెళ్లారో తర్వాత చదివేవాళ్లకు తెలియదు.